కొత్త కాయిల్ వేసినా రవ్వ పసుపుగానే ఎందుకుంది?

పేరు వెయ్యొద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం సారాంశం ఇది. నాన్నగారు నడిపిన పాత మోటార్‌సైకిల్‌ని ఇప్పుడు ఆవిడ నడుపుతున్నారు. ఒకే సిలిండర్, ఫోర్ స్ట్రోక్, 12 వోల్టుల బ్యాటరీ, సీబీ పాయింట్లున్న (కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు, కాంటాక్ట్ బ్రేకర్) బండి. చల్లగా ఉన్నప్పుడు నాలుగైదు కిక్కులకు స్టార్ట్ అవుతుంది. ఇరవై నిమిషాలు నడిచాక మిస్‌ఫైర్ మొదలై, చివరికి ఆగిపోతుంది. అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. ప్లగ్గు తీసి చూస్తే రవ్వ (స్పార్క్) సన్నగా, పసుపుగా ఉంటోంది. మెకానిక్ ముందు ప్లగ్గు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, తర్వాత కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని రవ్వకు కావలసిన వేల వోల్టులకు పెంచేది) మార్చాడు. కొత్త కాయిల్‌తో చల్లని ఇంజిన్ కాస్త తొందరగా అందుకుంటోంది కానీ వేడెక్కాక అదే గొడవ. పైగా రెండు వారాలకే పాయింట్లు నల్లబడుతున్నాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ పొద్దున 11.9 వోల్టులు చూపిస్తోంది. ఆవిడ మల్టీమీటర్ తెచ్చుకుని కొలిచారు. పాత కాయిల్ ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పోయే తీగచుట్ట) 4.2 ఓమ్‌లు, సెకండరీ (ప్లగ్గుకు వోల్టేజీ ఇచ్చే తీగచుట్ట) 11 కిలో ఓమ్‌లు. కొత్త కాయిల్ ప్రైమరీ 1.4 ఓమ్‌లు. దాని సెకండరీని ప్లగ్ క్యాప్‌తో కలిపి కొలిస్తే మీటరు ఏమీ చూపలేదు. చివరగా ఇలా రాశారు: "మెకానిక్ నాన్న కాలం నుంచీ తెలిసినవాడు. పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెడదాం అంటున్నాడు. అన్నయ్య అమ్మేయమంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాటా మనసుకు ఎక్కడం లేదు, అలాగని ఎవరినీ నొప్పించలేను. ఏం చెయ్యమంటారు?"

*

అమ్మా, మీ ఉత్తరంలో సగం జవాబు మీరే రాశారు. ఆ 1.4, 4.2 అనే రెండు అంకెలు లేకపోతే నేను కూడా పది అనుమానాల జాబితా ఇచ్చి ఊరుకునేవాణ్ణి. మీ బండిలో ఇప్పుడున్నది ఒక జబ్బు కాదు. మొదటి నుంచీ ఉన్నది ఒకటి, మధ్యలో వచ్చి చేరింది ఇంకొకటి, ఈ రెంటి చాటున దాక్కున్నది మూడోది. అందుకే ఏది మార్చినా కాస్త మెరుగైనట్టు కనిపించి మళ్లీ మొదటికొస్తోంది.

ముందు మధ్యలో వచ్చినదాని సంగతి చూద్దాం. పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపూ బ్యాటరీ నుంచి కాయిల్ ప్రైమరీ గుండా కరెంటు ప్రవహిస్తుంది. ఎంత ప్రవహించాలో నిర్ణయించేది ఆ ప్రైమరీ ఓమ్‌లే. పాత కాయిల్‌తో 12.6ని 4.2తో భాగిస్తే 3 ఆంపియర్లు. ఆ పాయింట్లు చేసింది ఆ మాత్రం కరెంటు కోసమే. కొత్త కాయిల్‌తో అదే లెక్క వేస్తే 9 ఆంపియర్లు. తీగల్లో, స్విచ్చుల్లో కొంత తగ్గినా, పాయింట్లు తట్టుకోగలిగిన దానికి రెట్టింపు మించే పోతోంది. పాయింట్లు నల్లబడటం, కాయిల్ కాలడం, బ్యాటరీ దిగిపోవడం అని మీరు విడివిడిగా రాసిన మూడు బాధలూ ఈ ఒక్క లెక్కలోంచి వచ్చినవే. పాత బండి ఆల్టర్నేటర్ హెడ్‌లైటుకీ కాయిల్‌కీ సరిపడా ఇచ్చి, మిగిలిన కాస్తా బ్యాటరీకి పెడుతుంది. కాయిలే అంత లాగేస్తే బ్యాటరీకి మిగిలేదేమీ ఉండదు.

మెకానిక్ మోసం చేశాడని మాత్రం అనుకోకండి. 1.4 ఓమ్‌ల కాయిల్ 6 వోల్టుల బండిదో, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండిదో అయి ఉండాలి. చూడటానికి ఒకేలా ఉంటాయి, బిగించే రంధ్రాలూ కలుస్తాయి, పెట్టగానే రవ్వ కూడా వస్తుంది. మీటరు పెట్టకపోతే తేడా తెలిసే దారి లేదు. చల్లగా ఉన్నప్పుడు కాస్త బాగా అందుకోవడానికి కారణం కూడా ఆ ఎక్కువ కరెంటే. బాగైందని అతను నమ్మడంలో తప్పు లేదు.

కాబట్టి మొదటి పని, పాత కాయిల్‌ని తిరిగి పెట్టించడం. దాని అంకెలు రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. పాయింట్లతో నడిచే 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ మామూలుగా 3 నుంచి 5 ఓమ్‌ల మధ్య ఉంటుంది, సెకండరీ 5 నుంచి 15 కిలో ఓమ్‌ల మధ్య. ఇంకోసారి కొలిచినప్పుడు మీటరు రెండు మొనలనూ ముందు ఒకదానికొకటి ఆనించి చూడండి. 0.2 నుంచి 0.4 దాకా ఏదో ఒకటి చూపిస్తుంది. అది మీటరు తీగల సొంత నిరోధం, కొలిచిన దాంట్లోంచి తీసెయ్యాలి. కిలో ఓమ్‌లకు ఆ తేడా లెక్కలోకి రాదు, 1.4 లాంటి అంకెకు మాత్రం వస్తుంది.

ఇక మొదటి జబ్బు. కాయిల్ మార్చకముందే బండి వేడెక్కి ఆగిపోయేదని రాశారు. కాబట్టి ఆ కొత్త కాయిల్ దీనికి కారణం కాదు. వేడిలో చచ్చి చల్లారితే బతికే భాగాలు ఇగ్నిషన్‌లో రెండు ఉంటాయి, కండెన్సర్, కాయిల్. ఉత్తరమంతా వెతికినా కండెన్సర్ మార్చినట్టు ఎక్కడా లేదు. చిన్న డబ్బా, చాలా బండ్లలో పాయింట్ల ప్లేటు మీదే ఉంటుంది, అంటే ఇంజిన్ వేడి అంతా దానికే తగులుతుంది. నా అనుమానం ముందు దాని మీదే.

అది చేసే పని తెలిస్తే పరీక్ష సులువు. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లో కరెంటు ఠక్కున ఆగిపోవాలి. ఎంత ఠక్కున ఆగితే సెకండరీలో అంత వోల్టేజీ పుడుతుంది. ఆగనని మొరాయించే కరెంటు విడిపోతున్న పాయింట్ల మధ్య మంటలా దూకబోతుంది. దాన్ని ఆ క్షణానికి తనలోకి తీసుకునేది కండెన్సర్. అది పనిచేయకపోతే కరెంటు మెల్లగా చస్తుంది, ప్లగ్గు దగ్గర రవ్వ నీరసంగా పసుపుగా వస్తుంది, పాయింట్ల దగ్గర మాత్రం జోరుగా మెరుస్తుంది. పాయింట్ల మూత తీసి, మసక వెలుతురులో, ఇంజిన్ నడుస్తుండగా చూడండి. అప్పుడప్పుడు చిన్న నీలి మెరుపు కనిపిస్తే భయం లేదు. ఆగకుండా లావుగా, పసుపు తెలుపు కలిసిన మెరుపు చిటపటలాడుతుంటే కండెన్సర్ పోయినట్టే. పాత కాయిల్ వేశాకే చూడాలి సుమా, ఇప్పుడున్న కాయిల్‌తో అయితే మంచి కండెన్సర్ ఉన్నా మెరుస్తుంది. చల్లగా ఒకసారి, మిస్‌ఫైర్ మొదలయ్యాక ఒకసారి చూస్తే తేడా తెలిసిపోతుంది. పాయింట్లను విప్పి చూసినా సాక్ష్యం దొరుకుతుంది. ఒకవైపు గుంట, ఎదురువైపు దానికి సరిపోయే బొడిపె ఏర్పడి ఉంటే కండెన్సర్ విలువ సరిగ్గా లేదని అర్థం.

మల్టీమీటర్‌లో కెపాసిటెన్స్ కొలిచే వీలుంటే మంచి కండెన్సర్ సుమారు 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ చూపిస్తుంది. కానీ మీటరు మంచిదన్నంత మాత్రాన నమ్మకండి. మీటరు దానికి ఒకటో రెండో వోల్టులిస్తుంది, బండిలో దాని మీద పడేది వందల వోల్టులు, అదీ వేడిలో. అసలు పరీక్ష వేరు. పాత కండెన్సర్ తీగను పాయింట్ల దగ్గర విప్పేసి పక్కకు పెట్టండి. విప్పడం మరిచిపోతే పరీక్ష వృథా, లీకయ్యే కండెన్సర్ ఉన్నచోటే ఉండి చెడగొడుతూనే ఉంటుంది. కొత్త కండెన్సర్ ఒంటిని శుభ్రమైన లోహానికి గట్టిగా బిగించి, దాని తీగను కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే తీగకు కలపండి. పాయింట్లతో నడిచే పాత కారు కండెన్సర్ అయినా సరిపోతుంది, విలువలు దాదాపు ఒకటే. అలా తాత్కాలికంగా కట్టుకుని ఆగిపోయే దూరం దాటేదాకా నడపండి. ఆగకపోతే దొంగ దొరికాడు. అప్పుడు కూడా దాన్ని పాత చోట పెట్టించకుండా, ట్యాంకు కింద కాయిల్ పక్కన పెట్టించుకోవచ్చు. అక్కడ వేడి తక్కువ, ఎక్కువ కాలం ఉంటుంది.

కొత్త కండెన్సర్‌తో కూడా వేడెక్కి ఆగిపోతే అనుమానం పాత కాయిల్ మీదికి పోతుంది. ఆగిన వెంటనే, అది ఇంకా వేడిగా ఉండగానే, తీగలు విప్పి మళ్లీ కొలవండి. రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, 4.2 ఉన్నది 5 చూపించినా కంగారు పడకండి. సెకండరీ 13 దాకా రావచ్చు. ఉన్నట్టుండి అంకె మాయమైనా, ఊగిసలాడినా లోపల తీగ తెగి వేడికి విడిపోతోందని అర్థం. లోపలి ఇన్సులేషన్ దెబ్బతిన్న కాయిల్‌ని మాత్రం మీటరు పట్టుకోలేదు. అది తేలాలంటే 3 నుంచి 5 ఓమ్‌ల మధ్య ఉన్న ఇంకో కాయిల్ పెట్టి నడిపి చూడాల్సిందే.

మూడోది, మీరు ఒక్క వాక్యంలో దాటేసినది. క్యాప్‌తో కలిపి కొలిస్తే మీటరు ఏమీ చూపలేదన్నారు. మీటరుని 200 కిలో ఓమ్‌ల వరుసలో పెట్టే కొలిచారా అన్నది ముందు చూసుకోండి. అక్కడ కూడా చూపకపోతే దారిలో ఎక్కడో తెగింది. చాలా క్యాప్‌లలో రేడియో గోల తగ్గించడానికి 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది లోపల కాలిపోతుంది. తెగినా బండి ఎందుకు నడుస్తుందంటే, వేల వోల్టులకు ఆ చిన్న సందు దూకడం లెక్క కాదు. దూకడానికి ఖర్చయ్యేది మాత్రం ప్లగ్గు రవ్వలోంచే పోతుంది. క్యాప్‌ని తీగ నుంచి మర తిప్పినట్టు తిప్పి ఊడదీయండి. దాన్ని ఒక్కదాన్నే కొలవండి. 5 కిలో ఓమ్‌లకు అటూ ఇటూ ఉంటే ఉంచండి, లేకపోతే పారెయ్యండి. తీగ కొస పచ్చబడి ఉంటే అర సెంటీమీటరు కత్తిరించి, మెరిసే రాగి కనిపించాక క్యాప్ మరను ఆ తీగ నడిమధ్యకు ఎక్కించాలి. ఈ తరహా క్యాప్‌కి రాగి తీగే ఉండాలి, కార్బన్ తీగలో మర పట్టు దొరకదు. మెకానిక్ వేసిన ప్లగ్గు నెంబరులో ఆర్ అక్షరం ఉందేమో కూడా చూడండి. ఉంటే ప్లగ్గులోనూ ఇంకో 5 కిలో ఓమ్‌లు ఉన్నట్టే. రెండూ ఉంటే బండి ఆగదు కానీ, ఇలాంటి పాత వ్యవస్థకు ఒకటి చాలు.

ఈ పనులన్నిటిలో రవ్వను పదేపదే చూడాల్సి వస్తుంది కాబట్టి ఆ చూడటం గురించి రెండు మాటలు. ప్లగ్గు రవ్వ బయటి గాలిలో బాగానే కనిపించి సిలిండర్‌లో చచ్చిపోవచ్చు. లోపల ఒత్తిడిలో అదే సందు దూకడానికి ఎన్నో రెట్లు వోల్టేజీ కావాలి. అందుకే ప్లగ్గు సందు 0.6 మిల్లీమీటర్ల దగ్గర రవ్వ వచ్చిందని సంతోషించకండి. ఒక పాత ప్లగ్గు పక్క ఎలక్ట్రోడ్‌ను కోసేసి, నడిమి కొస నుంచి అంచుకు దూకేలా చేస్తే మంచి పరీక్ష. 5, 6 మిల్లీమీటర్లు టక్కుమనే చప్పుడుతో నీలంగా దూకితే ఆ వ్యవస్థ బలంగా ఉంది. ప్లగ్గు ఒంటిని ఇంజిన్ లోహానికి గట్టిగా ఆనించాకే కిక్కు కొట్టండి. ఆనించకుండా తీగను గాలిలో వేలాడదీసి కొడితే ఆ వోల్టేజీ పోయే దారి లేక కాయిల్ లోపలే ఇన్సులేషన్‌ను చీల్చుకుంటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, పరీక్ష ప్లగ్గుని దానికి దూరంగా పెట్టండి. క్యాప్‌ని వట్టి చేత్తో పట్టుకోవద్దు.

పాత కాయిల్ పెట్టాక, బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి (చార్జర్ తీశాక రెండు మూడు గంటలకు 12.6 ఉండాలి, 11.9 అంటే దాదాపు ఖాళీ), పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి రెండు వోల్టేజీలు చూడండి. బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్ మధ్య అర వోల్టు దాటకూడదు. దాటితే తాళం స్విచ్చులోనో, కిల్ స్విచ్చులోనో, కనెక్టర్లలోనో చిలుము పేరుకుంది. కాయిల్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ మధ్య 0.2 దాటకూడదు. దాటితే పాయింట్ల ముఖాలో, ఎర్త్ తీగో మురికిగా ఉన్నాయి. పాత బండ్లలో నీరసమైన రవ్వకు సగం కారణాలు ఈ రెండు అంకెల్లోనే బయటపడతాయి, కానీ ఎవరూ కొలవరు. తాళం ఆన్‌లో ఉంచి కబుర్లలో పడకండి. పాయింట్లు మూసుకుని ఉంటే ఇంజిన్ తిరగకపోయినా కాయిల్ కాలుతూనే ఉంటుంది.

నల్లబడిన పాయింట్లు ఎలాగూ మార్చాలి. కొత్తవాటి మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటుంది, అది తుడవకుండా పెడితే కొత్త పాయింట్లతోనే రవ్వ రాదు. కాంటాక్ట్ క్లీనర్ చల్లి, తెల్ల కాగితం ముక్కను మధ్యలో పెట్టి మూసి లాగండి. మరక పడనంతవరకూ లాగాలి. ఎమరీ కాగితం వద్దు, దాని రేణువులు లోహంలో గుచ్చుకుని ఉండిపోతాయి. తీగ బిగించే బోల్టు దగ్గర ఇన్సులేటింగ్ వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో విప్పేముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఒక్కటి అటూ ఇటూ అయితే పాయింట్లు ఎప్పుడూ ఎర్త్ అయిపోయి అసలు రవ్వే ఉండదు. సందు, క్యామ్ (తిరుగుతూ పాయింట్లను తెరిచే గుబ్బ) పూర్తిగా ఎత్తిన చోట, మాన్యువల్‌లో ఉన్న అంకెకు పెట్టాలి. మాన్యువల్ లేకపోతే చాలా బండ్లకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఎక్కువైతే పాయింట్లు మూసుకుని ఉండే సమయం తగ్గి, వేగంలో కాయిల్ నిండదు. తక్కువైతే మెరుపు పెరిగి త్వరగా కాలతాయి. సందు మారితే టైమింగ్ (రవ్వ పడే క్షణం) కూడా జరుగుతుంది, కాబట్టి సందు పెట్టాకే టైమింగ్. కాయిల్ మైనస్‌కీ ఎర్త్‌కీ మధ్య చిన్న 12 వోల్టుల బల్బు కట్టి, ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పండి. పాయింట్లు విడిన క్షణంలో బల్బు వెలుగుతుంది. ఆ క్షణానికి ఎఫ్ గుర్తు (రవ్వ పడాల్సిన చోటును చూపేది) ఎదురుగా ఉండాలి.

ఇగ్నిషన్ అంతా సరిగ్గా తేలి, బండి ఇంకా ఆగిపోతుంటే రెండు వేషధారులు మిగులుతాయి. ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోలు దిగక సరిగ్గా ఇలాగే ఆగి, కాసేపటికి బాగవుతుంది. ఆగిన వెంటనే మూత తీసి పెట్టి స్టార్ట్ చేస్తే తెలిసిపోతుంది. రెండోది బిగుసుకున్న ఎగ్జాస్ట్ టాపెట్, అంటే వాల్వును తోసే భాగం దగ్గర ఉండాల్సిన సందు తగ్గిపోవడం. వేడికి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోతుంది, కిక్కు తేలిగ్గా దిగిపోవడం దాని గుర్తు. అందుకే బండి ఆగిన ఆ నిమిషంలో ప్లగ్గు పరీక్ష చెయ్యడం ముఖ్యం. ఇంటికి తోసుకొచ్చి చల్లారాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది నేనింతవరకూ రాసింది: పాత కాయిల్, కొత్త కండెన్సర్, పాయింట్లు, క్యాప్. ఖర్చు అన్నిటికంటే తక్కువ. దారిలో చెడినా చిన్న సంచిలో సామానుతో బాగుచేసుకోవచ్చు. బదులుగా అప్పుడప్పుడు పాయింట్ల సందు చూసుకునే శ్రద్ధ కావాలి. ఇప్పుడున్న కాయిల్‌నే ఉంచి సిరీస్‌లో 1.5 ఓమ్‌ల నుంచి 2 ఓమ్‌ల బల్లాస్ట్ రెసిస్టర్ (కరెంటును తగ్గించే నిరోధం) పెట్టడం ఇంకో దారి. అది 6 వోల్టుల బ్యాటరీ కాయిల్ అయితే పనిచేస్తుంది. సీడీఐ (కెపాసిటర్ నింపి వదిలే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) బండి కాయిల్ అయితే చెయ్యదు, అది కరెంటును నింపుకుని వదిలేందుకు చేసింది కాదు. ఏదో తెలియని దానికి ఈ ప్రయోగం నేను చెప్పను, అందులోనూ మంచి కాయిల్ చేతిలో ఉండగా.

ఎలక్ట్రానిక్ కిట్ చెడ్డ ఆలోచనేం కాదు. పాయింట్ల అరుగుదల, సందు, టైమింగ్ జరగడం అన్నీ పోతాయి. అయితే ప్రతి కిట్‌కీ ఇన్ని ఓమ్‌ల కాయిల్ ఉండాలని ఒక హద్దు ఉంటుంది. తక్కువ ఓమ్‌ల కాయిల్ మీద పెడితే పాయింట్లకు పట్టిన గతే మాడ్యూల్‌కి పడుతుంది, పాయింట్లనైతే తుడుచుకోవచ్చు, మాడ్యూల్‌ని తుడవలేం. బ్యాటరీ బాగా దిగితే కొన్ని కిట్లు రవ్వ ఇవ్వడమే మానేస్తాయి. అంటే కాయిల్, చార్జింగ్, క్యాప్ సంగతి ఎలాగూ ముందు తేల్చుకోవాలి. తేల్చుకున్నాక బండి బాగా నడుస్తుంటే కిట్ అవసరమా కాదా అని తీరిగ్గా ఆలోచించవచ్చు. పెట్టించుకున్నా పాత ప్లేటు, పాయింట్లు మెకానిక్ షాపులో వదలకుండా ఇంటికి తెచ్చుకోండి.

అమ్మకం మాట అన్నయ్య చెప్పినంత తేలికా కాదు, మీరనుకున్నంత తప్పూ కాదు. కానీ ఆగిపోయే బండిని అమ్మితే ఆగిపోయే బండి ధరే వస్తుంది. నడిచేలా చేశాక అమ్మినా, ఉంచుకున్నా మీ ఇష్టం మీద జరుగుతుంది, విసుగు మీద కాదు. అన్నయ్యతో అదే చెప్పి ఒక నెల గడువు అడగండి.

మెకానిక్ దగ్గర "నువ్వు వేసింది తప్పు కాయిల్" అని మొదలుపెట్టకండి. మీటరు పట్టుకెళ్లి, రెండు కాయిళ్లూ ఆయన ముందు పెట్టి, ఆయన చేతే కొలిపించండి. 1.4, 4.2 ఆయనే చదివాక "పాయింట్లు ఇందుకే కాలుతున్నాయేమో, పాతది పెట్టి కండెన్సర్ మార్చి చూద్దామా" అని అడగండి. పనివాడికి అంకె చూపిస్తే చాలు. చూసి కూడా కొట్టిపారేస్తే, ఈ పని వరకు ఇంకొకరి చేత చేయించుకోండి, టైరు మార్చడానికీ చైను బిగించడానికీ ఆయన దగ్గరికే వెళ్లొచ్చు. పరిచయం దానితో తెగిపోదు.

పని ఒకేరోజు అంతా చేయించేసుకోవద్దు. ముందు కాయిల్, క్యాప్, కొత్త పాయింట్లు పెట్టి, వేడెక్కేదాకా నడిపి చూడండి, తర్వాత కండెన్సర్. అన్నీ ఒక్కసారి మారిస్తే బండి బాగవ్వచ్చు కానీ ఏది చెడిందో తెలియదు, పాత కండెన్సర్ మంచిదో కాదో తెలియకుండానే టూల్ బాక్సులో స్పేర్‌గా చేరిపోతుంది. కొత్త పాయింట్ల ఫైబర్ మడమ (క్యామ్ మీద రాసుకునే భాగం) మొదట్లో త్వరగా అరిగి సందు తగ్గుతుంది, 500 కిలోమీటర్లకు ఒకసారి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) పెట్టి చూడండి. క్యామ్‌ని తాకే ఫెల్ట్ ముక్కకు ఒక్క చుక్క నూనె చాలు, రెండో చుక్క పాయింట్ల మీదికి చిమ్ముతుంది.